మోచేతి దెబ్బలు: ఎప్పుడు కట్టు, ఎప్పుడు ఆపరేషన్?

ఈ నెల విశాఖ చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో మోచెయ్యి గురించినవే ఎక్కువ. జవాబులు ఇచ్చినవారు ఎముకల వైద్యులు, ఫిజియోథెరపిస్టులు.

ముందుగా ఒక్క మాట. ఒంట్లోని కీళ్లలో చాలా తొందరగా బిగుసుకుపోయేది మోచెయ్యి. దండచేతి ఎముక, ముంజేతిలోని రత్ని (బొటనవేలి వైపు ఎముక), అరత్ని (చిటికెన వేలి వైపు ఎముక), ఈ మూడూ ఒకే సంచిలో ఇరుకిరుగ్గా అమరి ఉంటాయి. దెబ్బ తగిలితే ఆ సంచి మందమెక్కి కుంచించుకుపోతుంది. అందుకే పెద్దవాళ్లకు ఇక్కడ ఆపరేషన్ చేసేది ముక్కలు అతకడానికి మాత్రమే కాదు. వాటిని గట్టిగా పట్టి ఉంచి, వారం పది రోజుల్లో చెయ్యి ఆడించడం మొదలుపెట్టడానికి. పిల్లల లెక్క వేరు. మొదటి ఉత్తరం అదే.

ప్రశ్న: మా గుంటడికి ఆరేళ్లండి. పార్కులో జారుడుబల్ల మీంచి పడితే మోచేతికి పైన ఎముక విరిగి వెనక్కి జరిగిపోయిందన్నారు. మత్తిచ్చి రెండు తీగలు గుచ్చారు. నాలుగు వారాలకు తీసేశారు. చెయ్యి ఇంకా పూర్తిగా చాపలేకపోతున్నాడు. ఊళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే సరిపోయేదని, ఇప్పుడైనా నూనె రాయించమని మా అత్తగారు అంటున్నారు. ఆపరేషన్ చేయించి తప్పు చేశామా?
– ఒక తల్లి, కంచరపాలెం

జవాబు: తప్పు కాదమ్మా, చెయ్యవలసిందే చేశారు. అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలు చెయ్యి చాపి కింద పడితే ఎక్కువగా విరిగేది ఇక్కడే. మోచేతికి కాస్త పైన దండ ఎముక బాగా పలచబడి ఉంటుంది. డాక్టర్లు దీన్ని సుప్రాకాండైలార్ ఫ్రాక్చర్ అంటారు. 1959లో గార్ట్‌లాండ్ చేసిన విభజననే ఇప్పటికీ వాడుతున్నారు. ఒకటో రకంలో ఎముక చిట్లుతుంది గానీ జరగదు. దానికి మూడు వారాల పిండికట్టు చాలు. రెండో రకంలో వెనక్కి వంగుతుంది కానీ వెనకవైపు ఇంకా అంటుకునే ఉంటుంది. మూడో రకంలో పూర్తిగా విడిపోతుంది. మీరు రాసినదాన్నిబట్టి మీ బాబుది మూడో రకం.

విడిపోయిన ఎముక అంచు పదునుగా ముందుకు పొడుచుకొస్తుంది. సరిగ్గా ఆ ముందే చేతికి రక్తం తీసుకెళ్లే ధమని, మీడియన్ నరం ఉంటాయి. ఇలా విరిగిన ఎముకను కట్టు ఒక్కదానితో నిలపాలంటే మోచేతిని 90 డిగ్రీలు దాటించి బాగా ముడిచి కట్టాలి. వాచిన మోచేతిని అంతగా ముడిస్తే ధమని నొక్కుకుపోతుంది. ముడవకుండా కడితే ఎముక మళ్లీ జారుతుంది. తీగలు పెట్టేది ఈ చిక్కు తప్పించడానికే. మత్తులో చెయ్యి లాగి, సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ ఎముకను చోటుకి తెచ్చి, ఎక్కువగా బయటివైపు నుంచి 1.6 మిల్లీమీటర్ల తీగలు రెండు గుచ్చుతారు. కోత ఉండదు. ఎముక నిలవకపోతే మూడో తీగ వేస్తారు. లోపలివైపు నుంచి వెయ్యాల్సి వస్తే అక్కడ చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం ఉంటుంది కాబట్టి మరీ జాగ్రత్తగా వెయ్యాలి. తీగల చివరలు చర్మం బయటే వంచి వదిలేస్తారు కనుక మూడు నాలుగు వారాలకు మత్తు లేకుండా ఓపీలోనే తీసేయొచ్చు.

ఇక నాటు కట్టు సంగతి. వెదురు బద్దలు చుట్టి బిగించిన కట్టులో వాపు పెరగడానికి చోటుండదు. లోపల ఒత్తిడి పెరిగి కండకు రక్తం ఆగిపోతుంది. అలా ఆరు గంటలు గడిచేసరికి కండ తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతింటుంది. ఆ చచ్చిన కండ కుంచించుకుపోయి వేళ్లు ముడుచుకుపోతాయి. వోల్క్‌మన్ అనే జర్మన్ సర్జన్ 1881లోనే ఈ పరిస్థితిని వర్ణించాడు. ఇప్పటికీ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇది నాటు కట్టుకే పరిమితం కాదు. ఆసుపత్రిలో బిగుతుగా వేసిన పిండికట్టుతోనూ వస్తుంది. కాబట్టి ఎవరు కట్టినా సరే, మొదటి రెండు రోజులు ఇంట్లో వాళ్లు చూసుకోవలసినవి ఉన్నాయి. పిల్లాడు నిమిషం నిమిషానికీ ఎక్కువ ఏడుస్తున్నా, మందు వేసిన గంటకే మళ్లీ నొప్పి అంటున్నా, ఊరికే చిరాకుపడుతున్నా, వేళ్లను మెల్లగా వెనక్కి చాపితే కెవ్వుమన్నా తెల్లారేదాకా ఆగకండి. వేళ్లు పాలిపోయేదాకా ఎదురుచూడొద్దు. అప్పటికే ఆలస్యమైపోతుంది.

నరాలు పనిచేస్తున్నాయో లేదో కూడా మీరే చూడొచ్చు. బొటనవేలు పైకెత్తి చూపించమనండి. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రటి సున్నా చుట్టమనండి. వేళ్లన్నీ విడదీసి మళ్లీ దగ్గరికి తెమ్మనండి. ఈ మూడూ చేస్తే మూడు ముఖ్యమైన నరాలూ ఆడుతున్నట్టే. సున్నా చుట్టబోతే వేళ్ల కొసలు ముడుచుకోక చదునుగా కలుస్తున్నాయంటే ఒక కొమ్మ నరం నలిగిందన్నమాట. చాలావరకు మూడు నుంచి ఆరు నెలల్లో దానంతటదే కోలుకుంటుంది. కానీ ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే కేసు షీటులో రాసి ఉండాలి.

ఇప్పుడు మీ బాబు చెయ్యి చాపలేకపోవడం మామూలే. నూనె రాసి లాగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎందుకో మూడో జవాబులో వివరంగా ఉంది. పిల్లలకు చాలావరకు ఫిజియోథెరపీ కూడా అక్కర్లేదు. ఆ చేత్తోనే అన్నం తిననివ్వండి, మగ్గుతో నీళ్లు పోసుకోనివ్వండి, ఆడుకోనివ్వండి. రెండు మూడు నెలల్లో చాలామటుకు వచ్చేస్తుంది. చివరి కొన్ని డిగ్రీలకు ఏడాది పట్టినా కంగారు పడొద్దు. ఒక్కటి చూడండి: రెండు చేతులూ చాపి అరచేతులు ముందుకు పెట్టినప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి మోచేతి దగ్గర నుంచి ఒంటివైపు వంకరగా తిరిగి ఉందా? ఉంటే ఎముక కాస్త తిరిగి అతికిందని అర్థం. ఎదిగేకొద్దీ ఆ వంకర పోదు. పనికి అడ్డం రాకపోవచ్చు గానీ, సరిచేయించాలనుకుంటే తర్వాత ఎముక కోసి సరిపెట్టే ఆపరేషన్ ఉంది.

ప్రశ్న: మా స్కూల్లో పిల్లలు పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఆసుపత్రికి చేరేలోపు మేం ఏం చెయ్యాలి?
– ఒక ఉపాధ్యాయిని, గోపాలపట్నం

జవాబు: చెయ్యి ఎలా ఉందో అలాగే నిలపండి. చాపొద్దు, ముడవొద్దు. అట్టముక్కో, నాలుగు మడతలు పెట్టిన వార్తాపత్రికో మోచేతి కింద పెట్టి, భుజం వైపు ఒకచోట, మణికట్టు వైపు ఒకచోట గుడ్డతో వదులుగా కట్టండి. మోచేతి మీద కట్టొద్దు. గాజులు, ఉంగరం, మణికట్టుకున్న తాళ్లు వెంటనే తీసెయ్యండి. వాచాక అవి రావు. గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టొచ్చు.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి. ఏడుస్తున్నాడని పిల్లాడికి బిస్కెట్లు, పాలు పెట్టేస్తారు. మత్తు ఇవ్వాలంటే తిండి, పాలు తీసుకుని ఆరు గంటలు గడవాలి. మంచినీళ్లకైతే రెండు గంటలు చాలు. మీరు పెట్టిన నాలుగు బిస్కెట్ల వల్ల ఆపరేషన్ సాయంత్రం నుంచి అర్ధరాత్రికి జరగొచ్చు. చివరగా ఎన్ని గంటలకు ఏం తిన్నాడో కాగితం మీద రాసి పంపండి. చెయ్యి తెల్లగా పాలిపోయి చల్లబడి ఉంటే 108కి ఫోన్ చేసి, కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి రాత్రింబవళ్లు ఎముకల సర్జన్ ఉండే పెద్దాసుపత్రికే నేరుగా తీసుకెళ్లండి. మధ్యలో చిన్న క్లినిక్కుల దగ్గర ఆగితే పోయేది ఆ చేతికి కావలసిన టైమే.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. వెల్డింగ్ పని. ఎత్తు మీంచి పడితే మోచెయ్యి కీలు తప్పింది. అదే రోజు సరిచేసి పిండికట్టు వేశారు. పని ఒత్తిడిలో చూపించుకోక అయిదు వారాలు కట్టు ఉంచేశాను. విప్పాక బిగుసుకుపోయింది. తెలిసినాయన నెల రోజులు ఆముదంతో గట్టిగా మాలిష్ చేశాడు. ఇప్పుడు ఇంకా బిగుసుకుంది. సగానికి ముడవడమే కష్టం. అన్నం ముద్ద నోటికి అందట్లేదు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ చేతికి రెండు అడ్డంకులు వచ్చాయి. మొదటిది కట్టు ఎక్కువ రోజులు ఉండటం. ఎముక విరగకుండా కీలు మాత్రమే తప్పితే, సరిచేశాక ఒకటి రెండు వారాలకు మించి కట్టు ఉంచకూడదు. మూడు వారాలు దాటితే బిగుతు ఖాయమని లెక్కపెట్టుకోవాలి. రెండోది మాలిష్. దెబ్బతిన్న మోచేతి ముందు ఉండే బ్రేకియాలిస్ కండలో రక్తం గడ్డకట్టి ఉంటుంది. దాన్ని బలంగా పిసికితే మళ్లీ మళ్లీ చిరిగి, ఆ రక్తపుగడ్డలో ఎముక పెరగడం మొదలవుతుంది. ఎముక ఉండకూడని చోట ఎముక! దీన్ని మయోసైటిస్ ఆసిఫికన్స్ అంటారు. మాలిష్ చేసినకొద్దీ బిగుసుకోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది. ఇవాళ్టి నుంచే మానెయ్యండి.

తర్వాత పక్కనుంచి, ముందునుంచి కొత్త ఎక్స్‌రే తీయించండి. కండలో దూదిపింజలాంటి మసక నీడ కనిపిస్తే ఎముక ఇంకా పెరుగుతోందని, అంచులు గీసినట్టు స్పష్టంగా ఉంటే పక్వానికి వచ్చిందని అర్థం. పెరుగుతున్న దశలో కోస్తే మళ్లీ వస్తుంది.

ఈలోగా మీరు చెయ్యగలిగింది చాలా ఉంది. పది నిమిషాలు వేడి కాపడం పెట్టండి. వెల్లకిలా పడుకుని దండచేతిని నిటారుగా పైకప్పు వైపు ఎత్తండి. మోచేతి దగ్గర వదులు చేసి, ముంజేతిని దాని బరువుతోనే నుదుటివైపు దిగనివ్వండి. దిగినంత దిగాక అయిదు అంకెలు లెక్కపెట్టి, మీ బలంతోనే పైకి చాపండి. ఇలా పదిసార్లు, రోజుకు నాలుగైదు విడతలు. ఈ భంగిమలో కీలు నిలకడగా ఉంటుంది, కండరాలు ఎదురుతిరగవు. ఇంకొకరు పట్టుకుని వంచడం మాత్రం కూడదు. బకెట్ మొయ్యడం కూడా వ్యాయామం కాదు. చెయ్యి చాచుకుంటుందని చాలామంది నీళ్ల బకెట్ వేలాడదీస్తారు. దాంతో కండ బెదిరి ఇంకా బిగుసుకుంటుంది. రాత్రిపూట స్క్రూ తిప్పుతూ కొద్దికొద్దిగా సర్దే స్ప్లింట్ వాడితే మేలు కనిపిస్తుంది.

లక్ష్యం ఎంత పెట్టుకోవాలి? పూర్తిగా చాపితే సున్నా అనుకుంటే, 30 నుంచి 130 డిగ్రీల మధ్య ఆడితే రోజువారీ పనులు దాదాపు అన్నీ జరుగుతాయి. ముద్ద నోటికి అందుతుంది, చొక్కా గుండీలు పెట్టుకోగలరు. చివరి 30 డిగ్రీలు చాచుకోకపోయినా జీవితానికి లోటు లేదు.

నాలుగు నుంచి ఆరు నెలలు శ్రద్ధగా చేసినా ముద్ద నోటికి అందకపోతే అప్పుడు కీలు విడుదల చేసే ఆపరేషన్ చేస్తారు. మందమెక్కిన సంచిని, అడ్డం వచ్చిన ఎముకను తీసేస్తారు. 90 డిగ్రీలు కూడా ముడవని చేతికి అల్నార్ నరాన్ని కూడా అప్పుడే వదులు చెయ్యాలి. లేకపోతే కొత్తగా ముడుచుకునే మోచేతిలో ఆ నరం సాగి తిమ్మిర్లు మొదలవుతాయి. ఎముక మళ్లీ పెరగకుండా ఇండోమెథాసిన్ మాత్రలు కొన్ని వారాలు ఇస్తారు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి. ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి: ఆపరేషన్ బల్ల మీద వచ్చిన కదలికంతా నిలవదు. మర్నాటి నుంచి మూడు నెలలు వ్యాయామం చేసే తీరిక లేని మనిషి ఈ ఆపరేషన్‌కు ఒప్పుకోకపోవడమే మంచిది.

ఇంకొకటి. మొదట్లో సీటీ స్కాన్ తీశారా? కీలు తప్పినప్పుడు రత్ని తల (మోచేతి దగ్గరి కొన), అరత్ని ముందు కొన కూడా విరిగితే అది వేరే జాతి దెబ్బ. కట్టుతో నిలవదు. ముందు కొనను బిగించి, రత్ని తలను బిగించో మార్చో, బయటివైపు లిగమెంటును (ఎముకలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే పట్టీని) ఎముకకు కుట్టాలి. మీ పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అమ్మకు 63. బాత్రూమ్‌లో జారి మోచెయ్యి వెనక ఎముక విరిగితే తీగలు వేసి బిగించారు. ఎనిమిది నెలలైంది. ఇప్పుడు చర్మం కింద తీగ కొన గుచ్చుకుంటోంది. చెయ్యి ఆనించలేకపోతోంది. ఆపరేషన్ చెడిందా? షుగర్ ఉంది.
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: చెడలేదు. చెయ్యి చాపే ట్రైసెప్స్ కండ అతుక్కునేది ఆ వెనక ఎముకకే. విరిగిన ముక్కను అది పైకి లాగేస్తుంది. అందుకని రెండు తీగలు నిలువుగా వేసి, వాటి చుట్టూ 18 గేజీ స్టీలు తీగను ఎనిమిది అంకెలా మెలేస్తారు. అప్పుడు కండ లాగినకొద్దీ కీలు వైపు ముక్కలు ఒకదానికొకటి నొక్కుకుంటాయి. పద్ధతి మంచిదే. కానీ అక్కడ చర్మం కింద కండ పొర లేదు. తీగలు కాస్త వెనక్కి జరిగినా గుచ్చుకుంటాయి. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి తీగలు తీయించుకోవలసి వస్తుంది. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే మీకింత దిగులు ఉండేది కాదు.

ఎక్స్‌రేలో ఎముక పూర్తిగా అతికిందని తేలితే తీసేయొచ్చు. చిన్న ఆపరేషన్, చాలావరకు అదే రోజు ఇంటికి పంపుతారు. ముందు షుగర్ అదుపులోకి తెచ్చుకోండి. తీగ కొన దగ్గర చర్మం ఎర్రబడినా, నీరు కారినా వారాలు ఆగొద్దు. చీము కీల్లోకి వెళ్తే కథ మారిపోతుంది. తీశాక ఆరు వారాలు బరువులు వద్దు. అమ్మగారికన్నా బాగా పెద్దవయసు వాళ్లలో, పెద్దగా పని చెయ్యని చేతికైతే, అసలు ఆపరేషన్ లేకుండా జోలెలో ఉంచి వారంలో ఆడించడం కూడా మంచి వైద్యమే. ఎముక సరిగా అతకకపోయినా ఇంట్లో పనులకు చెయ్యి సరిపోతుంది.

ప్రశ్న: ఎన్‌ఏడీ దగ్గర స్కూటీ జారి పడ్డాను. రత్ని తలలో చిన్న చీలిక అన్నారు. ఒకరు మూడు వారాల పిండికట్టు అన్నారు, ఇంకొకరు జోలె చాలు, రెండు రోజుల్లో ఆడించమన్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, మర్రిపాలెం

జవాబు: చీలిక 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువ జరిగి ఉంటే రెండో ఆయన మాటే. మేసన్ విభజనలో ఇది ఒకటో రకం. రెండు మూడు రోజుల తర్వాత నొప్పి ఓర్చుకున్నంత మేర ముడవడం, చాపడం, అరచెయ్యి పైకీ కిందకీ తిప్పడం మొదలుపెట్టాలి. జోలె వారానికి మించొద్దు.

అయితే అరచెయ్యి తిప్పుతుంటే నొప్పి వల్ల ఆగుతోందా, ఏదో అడ్డుపడి ఆగుతోందా అన్నది తేల్చాలి. దానికి మంచి ఉపాయం ఉంది. కీల్లో చేరిన రక్తాన్ని సూదితో లాగి, మొద్దుబార్చే మందు ఎక్కించి తిప్పి చూస్తారు. నొప్పి పోయాక కూడా అక్కడే ఆగిపోతే ముక్క అడ్డం ఉన్నట్టే. సీటీ స్కాన్ తీసి చిన్న స్క్రూలతో బిగిస్తారు. మూడు నాలుగు ముక్కలైతే తలను తీసి లోహపు తల పెడతారు. మణికట్టు కూడా నొప్పిగా ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. రత్ని, అరత్నుల మధ్య పొర చిరిగి ఉండొచ్చు. అప్పుడు రత్ని తలను ఊరికే తీసేసి వదిలేస్తే రత్ని పైకి జరిగి మణికట్టు చెడుతుంది.

ప్రశ్న: మాకు టిఫిన్ బండి ఉంది. కుడి మోచెయ్యి బయటివైపు ఏడాదిగా నొప్పి. పెనం ఎత్తలేను, చట్నీ గిన్నె పట్టలేను. టెన్నిస్ ఎల్బో అన్నారు. స్టెరాయిడ్ ఇంజక్షన్ రెండుసార్లు చేశారు. నెలన్నర హాయిగా ఉండి మళ్లీ వచ్చేది. మూడోది చేయించుకోవాలా, ఆపరేషనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: మూడో ఇంజక్షన్ వద్దు. ఇది టెన్నిస్ ఆడేవాళ్లకే వచ్చే జబ్బు కాదు. అరచెయ్యి కిందికి పెట్టి బరువు ఎత్తే పని ఎవరిదైనా వాళ్లకొస్తుంది. 2004లో సచిన్ తెందుల్కర్‌ని ఆటకు దూరం చేసింది ఇదే. 2005లో ఆయన ఆపరేషన్ చేయించుకున్నారు. మణికట్టును వెనక్కి ఎత్తే కండ, మోచేతి బయటి గుబ్బకు అతుక్కునే చోట నార చెడుతుంది. ఇంజక్షన్ నొప్పిని నెలా నెలన్నర అణుస్తుంది, నారను బాగుచెయ్యదు. ఏడాది తర్వాత చూస్తే, ఇంజక్షన్ తీసుకున్నవాళ్ల కన్నా తీసుకోనివాళ్లే మెరుగ్గా ఉంటారని పరిశోధనల్లో తేలింది. పదేపదే చేస్తే చర్మం పలచబడి తెల్లమచ్చ పడుతుంది, నార మరింత బలహీనమవుతుంది. రక్తం తీసి తిప్పి ఎక్కించే పీఆర్‌పీ ఇంజక్షన్ కూడా ఇప్పుడు విరివిగా చేస్తున్నారు. పెట్టే ఖర్చుకు తగినంత రుజువు దానికి లేదన్నది మా అభిప్రాయం.

నిజంగా పనిచేసేది ఓపికగా చేసే వ్యాయామం. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి పెట్టి, చెయ్యి అంచు దాటి వేలాడనివ్వండి. అర లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. ఎడమచేత్తో సాయంపట్టి మణికట్టును పైకెత్తండి. సాయం వదిలేసి, అయిదు లెక్కపెట్టేంత మెల్లగా కిందికి దించండి. దించడమే వ్యాయామం, ఎత్తడం కాదు. 15 సార్లు ఒక విడత, రోజుకు మూడు విడతలు, 12 వారాలు. కొంచెం నొప్పి ఉంటుంది. మర్నాటి ఉదయానికి తగ్గకపోతే సీసాలో నీళ్లు తగ్గించండి. పట్టీ కొంటే దాన్ని నొప్పి ఉన్న గుబ్బ మీద కాకుండా, రెండు వేళ్లు కిందికి ముంజేతి కండ మీద పెట్టాలి. గిన్నెలు అరచెయ్యి పైకి పెట్టి, రెండు చేతులతో ఎత్తండి. పిండి గరిటె పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు తేలికవుతుంది. మెడనొప్పి ఉండి, చేతిలోకి దిగుతుంటే అసలు కారణం మెడ కావొచ్చు. అదీ చూపించుకోండి.

ఏడాది, ఏడాదిన్నరలో చాలామందికి తగ్గిపోతుంది. సరైన వ్యాయామం ఆరు నెలలు చేశాక కూడా పని చేసుకోలేకపోతే అప్పుడు ఆపరేషన్. చిన్న కోతతో చెడిన నారను తీసేసి ఎముకను శుభ్రం చేస్తారు. వారం జోలె, ఆరు వారాలకు బలం పెంచే వ్యాయామం, బండి పనికి మూడు నెలలు. ఎక్కువ లోతుగా కోస్తే పక్కనే ఉన్న లిగమెంటు తెగి కీలు వదులవుతుంది. అందుకే మోచేతి ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్ దగ్గరే చేయించుకోండి.

ప్రశ్న: ఆటో డ్రైవర్ని. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరి. రాత్రి నిద్రలేస్తున్నాను. మోచేతి దగ్గర నరం నొక్కుకుంది, ఆపరేషన్ చెయ్యాలన్నారు.
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: మోచేతి లోపలివైపు తగిలితే కరెంటు కొట్టినట్టయ్యే చోటుంది కదా, అక్కడి అల్నార్ నరం ఇది. మోచెయ్యి ముడిచి ఉంచినకొద్దీ సాగి నొక్కుకుంటుంది. మొదట ఆరు వారాలు ఇవి చెయ్యండి: రాత్రి పడుకునేటప్పుడు తువాలు మోచేతి చుట్టూ వదులుగా చుట్టి, ముడుచుకోకుండా టేపు వెయ్యండి. ఫోన్ ఆ చెవి దగ్గర పెట్టుకోవద్దు. ఆటో కడ్డీకి మోచెయ్యి ఆనించొద్దు.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు రెండు పరీక్షలు జరగాలి. ఒకటి, నరంలో కరెంటు వేగం చూసే పరీక్ష. రెండోది ఖర్చులేనిది, కానీ చాలాచోట్ల మరిచిపోయేది: ఒంటి మీద ఎక్కడైనా పాలిపోయిన, స్పర్శ తెలియని మచ్చ ఉందా, మోచేతి దగ్గర నరం తాడులా లావుగా తగులుతోందా అని చూడటం. మన దేశంలో అల్నార్ నరం ఉబ్బడానికి కుష్ఠు ఒక ముఖ్య కారణం. అదే అయితే ముందు మందులు. కుష్ఠు మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. తొందరగా మొదలుపెడితే నరం దక్కుతుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పల్లం పడుతుంటే, ఆ రెండు వేళ్ల మధ్య కాగితం పట్టుకోలేకపోతుంటే ఇక ఆలస్యం చెయ్యొద్దు. నరం మీది పొరను కోసి వదులు చేస్తారు. నరం ఎముక మీంచి జారుతుంటే ముందువైపుకు మారుస్తారు. నొప్పి, తిమ్మిరి ముందు తగ్గుతాయి. లోపలి పోగులు చెడితే నరం రోజుకు మిల్లీమీటరు చొప్పునే తిరిగి పెరుగుతుంది. మోచేతి నుంచి అరచేతి దాకా చేరడానికి ఏడాది పడుతుంది. అందుకే కండ పూర్తిగా అరిగిపోయాక చేసే ఆపరేషన్‌తో బలం తిరిగి రాదు.

ప్రశ్న: జావెలిన్ విసురుతాను. 19 ఏళ్లు. మోచెయ్యి ఒక్కోసారి మధ్యలో ఇరుక్కుపోతుంది. ఆపరేషన్ చేస్తే కెరీర్ అయిపోయినట్టేనా?
– ఒక విద్యార్థి, ఆంధ్రా యూనివర్సిటీ

జవాబు: కాదు. నీరజ్ చోప్రా కుడి మోచేతికి 2019 మేలో ఆపరేషన్ జరిగింది. ఆ ఏడాది సీజన్ పోయింది. 2021లో టోక్యోలో 87.58 మీటర్లు విసిరి స్వర్ణం తెచ్చాడు. ఇరుక్కుపోవడం అంటే చాలావరకు కీల్లో ఎముక ముక్కలు తిరుగుతున్నాయని. చిన్న రంధ్రాల్లోంచి ఆర్థ్రోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టంతో చూస్తూ తీసేస్తారు. అయితే విసిరేటప్పుడు లోపలివైపు నొప్పి ఉంటే అక్కడి లిగమెంటు సాగిందేమో ఎంఆర్ఐలో చూడాలి. తెగితే మణికట్టు దగ్గరి సన్నటి నార తీసి కొత్త లిగమెంటు అల్లుతారు. 1974లో అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు టామీ జాన్‌కి మొదట చేసిన ఆపరేషన్ ఇదే. దీని తర్వాత మళ్లీ పూర్తి బలంతో విసరడానికి ఏడాదికి పైగానే పడుతుంది.

ప్రశ్న: రెండేళ్ల పాపను బస్సు ఎక్కిస్తూ చెయ్యి పట్టి లాగాను. అప్పటి నుంచి చెయ్యి వేలాడేసింది. డాక్టరు గారు ఒక్కసారి తిప్పగానే బాగైంది. మళ్లీ వస్తుందా?
– ఒక తండ్రి, సింహాచలం

జవాబు: రావొచ్చు. రత్ని తల చుట్టూ ఉన్న పట్టీలాంటి లిగమెంటు జారి మధ్యలో ఇరుక్కుంటుంది. అయిదేళ్లు దాటితే పట్టీ గట్టిపడి ఈ బెడద పోతుంది. అప్పటిదాకా పాపను చంకల కింద పట్టి ఎత్తండి. ఒంటి చేత్తో లాగడం, చేతులు పట్టుకుని గిరగిరా తిప్పడం వద్దు. కింద పడినా, వాపు కనిపించినా అది ఇది కాదు. తిప్పకుండా ఎక్స్‌రేకి తీసుకెళ్లండి.

ప్రశ్న: మోచేతిలో ప్లేటు వేశారు. బండి ఎప్పుడు నడపొచ్చు? ఖర్చుకు ప్రభుత్వ పథకం వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: పథకం గురించి ఎన్టీఆర్ వైద్య సేవ 104 నంబరుకు ఫోన్ చేసి, మీ ఆపరేషన్ పేరు చెప్పి అడగండి. చేరకముందే అడగాలి, బిల్లు కట్టాక కాదు. డిశ్చార్జి కాగితంతో పాటు ప్లేటు, స్క్రూల స్టిక్కర్లు అడిగి తీసుకుని దాచుకోండి. రేపు అవి తీయాల్సివస్తే ఏ సైజు స్క్రూడ్రైవర్ కావాలో సర్జన్‌కి వాటి వల్లే తెలుస్తుంది.

బండి సంగతి: ఎక్స్‌రేలో అతుకు కనిపించేదాకా, అంటే మామూలుగా ఆరు నుంచి పది వారాలు ఆగాలి. ముందు బ్రేకు కుడిచేతిదే కాబట్టి కుడి మోచేతికి ఇంకా జాగ్రత్త అవసరం. డాక్టరు సరేనన్నాక స్టాండు వేసి ఉన్న బండి మీద కూర్చుని, హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పి, బ్రేకు హఠాత్తుగా గట్టిగా పది సార్లు నొక్కి చూడండి. పదోసారికి కూడా పట్టు సడలకుండా, నొప్పి లేకుండా ఉంటే ముందు మీ వీధిలో నడపండి. మధురవాడ నుంచి హైవే ఎక్కడానికి ఇంకో రెండు వారాలు ఆగండి.